ఎయిర్ గన్‌తో ఊదిన చిప్స్ ఎటు పోయాయి: ఇంటి వర్క్‌షాప్‌లో ఒక లేత్ కేసు

ఇళ్లలో పెట్టుకున్న చిన్న లేత్‌లు (లోహపు ముక్కను తిప్పుతూ ఉలితో కోసే మెషిన్లు), మిల్లింగ్ మెషిన్లు బాగుచేయడం నా పని. ఈ కేసు రాసి పెట్టుకోవడానికి కారణం ఉంది. ఒకదానికొకటి సంబంధం లేదనిపించే మూడు ఫిర్యాదులు ఒకే ఇంటి నుంచి వచ్చాయి. మూడింటికీ మూలం రోజూ పని అయ్యాక మెషిన్‌ను శుభ్రం చేసే పద్ధతిలోనే ఉంది. శుభ్రం చేయకపోవడం వల్ల పాడైన మెషిన్లు చాలా చూస్తాం. ఇది శ్రద్ధగా శుభ్రం చేయడం వల్ల పాడైన మెషిన్. మనిషిని, ఇంటిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. సాంకేతిక వివరాలు ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను.

నేపథ్యం

ఆయన రిటైరైన ఇంజినీరు. హైదరాబాద్ శివార్లలో సొంత ఇల్లు. కింద కారు కోసం కట్టిన గదినే వర్క్‌షాప్ చేసుకున్నారు. టెలిస్కోపులు తయారుచేయడం ఆయన హాబీ. అద్దం అరగదీసి పాలిష్ చేయడం దగ్గర్నుంచి మౌంట్ (టెలిస్కోపును నిలిపే స్టాండు) భాగాల వరకు అన్నీ సొంతంగానే చేస్తారు. గదిలో నాబ్ తిప్పి స్పీడు మార్చుకునే చిన్న బెంచ్ లేత్, ఒక డ్రిల్లింగ్ మెషిన్, ఒక బెంచ్ గ్రైండర్, ఒక కంప్రెసర్ ఉన్నాయి.

ఎక్కువ పని అల్యూమినియం మీద. షాఫ్ట్‌లకు మైల్డ్ స్టీలు, అప్పుడప్పుడు స్టెయిన్‌లెస్. చిన్న నట్లకు, బుష్‌లకు ఇత్తడి. టెలిస్కోపును సమతూకంలో ఉంచే కౌంటర్ వెయిట్‌ల కోసం జిమ్‌లో వాడే పాత కాస్ట్ ఐరన్ ప్లేట్లు కొని, మధ్య రంధ్రం బోర్ చేసి వాడుకుంటారు. లోహాల జాబితా ఇంత వివరంగా ఎందుకంటే, ఒక్కోదాని చిప్ (కోసినప్పుడు రాలే తునక) ఒక్కో రకంగా ఇబ్బంది పెడుతుంది. స్టీలు చిప్ పొడవైన చుట్టలా వస్తుంది, అంచు బ్లేడులా కోస్తుంది. ఇత్తడిది చిన్న సూదుల్లా ఎగిరి గది నలుమూలలా పడుతుంది. కాస్ట్ ఐరన్ నల్లటి రజనుగా రాలుతుంది. పోత పోసిన ప్లేటు పైచర్మం గట్టిగా ఉంటుంది, దానికి అచ్చు ఇసుక కూడా అంటుకుని ఉండొచ్చు.

ఫిర్యాదులు

మొదటి ఫోన్ లేత్ ఆగిపోయిందని. స్విచ్ వేయగానే ఫ్యూజు పోతోంది. వెళ్లాక రెండోది చెప్పారు: క్రాస్ స్లైడ్ (ఉలిని అడ్డంగా జరిపే భాగం) మధ్యలో ఒకచోట బిగుసుకుంటోంది, రెండు చివరల్లో వదులుగా ఉంటోంది, ఫేసింగ్ (ముక్క ముఖాన్ని చదునుగా కోయడం) చేస్తే ఉపరితలం మీద చారలు పడుతున్నాయి. మూడోది ఆయన చెప్పలేదు, ఇంటావిడ చెప్పారు. ఇంట్లో అందరం చెప్పుల్లేకుండా తిరుగుతాం కదా, మనవరాలి కాలిలో ఇనప ముల్లు రెండుసార్లు దిగిందట. వంటింటి టైల్స్ మీద గోధుమరంగు చుక్కలు పడి, ఎంత తుడిచినా పోవడం లేదట. "మీ మెషిన్ సంగతి తర్వాత చూడండి గానీ, ముందు ఈ ముళ్లు ఇంట్లోకి రాకుండా ఏదన్నా చెయ్యండి బాబూ" అన్నారావిడ.

ఆ మూడోదాన్నే నేను మొదటి ఆధారంగా తీసుకున్నాను. చిప్స్ వంటింటి దాకా వెళ్తున్నాయంటే ఏదో వాటిని బలంగా విసురుతోంది. టైల్స్ మీది చుక్కలు స్టీలు తునకలవి: తడిగుడ్డ కింద పడిన ప్రతి తునకా అక్కడే తుప్పు పట్టి మరక వదులుతుంది. (విట్రిఫైడ్ టైల్స్ అయితే చింతపండు గుజ్జు రుద్దితే చాలావరకు పోతాయి. మార్బుల్ మీద మాత్రం పులుపు వేయకూడదు, రాయి మెరుపు పోతుంది.)

మెషిన్ ఎలా శుభ్రం చేస్తారో ఒకసారి చేసి చూపించమన్నాను. ఆయన ఎయిర్ గన్ తీసుకున్నారు. కంప్రెసర్ గేజీ 7 బార్ చూపిస్తోంది. చక్ (ముక్కను పట్టుకుని తిరిగే భాగం) దగ్గర మొదలుపెట్టి బెడ్ (లేత్ అడుగు పట్టాలు) పొడవునా, దాని మీద జరిగే శాడిల్ చుట్టూ, స్లైడ్ కింద మూలల్లోకి గాలి కొట్టారు. చూస్తుండగానే మెషిన్ తళతళలాడింది. "రోజూ ఇలాగే సార్, ఒక్క చిప్ కూడా మిగలనివ్వను" అన్నారు.

ఒక్క చిప్ కూడా కంటికి కనిపించలేదు, నిజమే. అన్నీ ఎక్కడికో వెళ్లాయి.

విప్పి చూడటం

ప్లగ్ తీసి కాసేపు ఆగాకే వెనక కవరు తెరిచాను. ఇలాంటి చిన్న లేత్‌లలో స్పీడు కంట్రోల్ బోర్డు చాలావాటికి మెయిన్స్‌తో నేరుగా కలిసే ఉంటుంది, కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది. బోర్డు మీద అల్యూమినియం రజను పల్చగా పరుచుకుని ఉంది. రెండు ట్రాకుల మధ్య ఒక తునక అడ్డం పడి, ఆ చోటు నల్లగా కాలింది. గాలి ఆడటానికి కవరుకు పెట్టిన చీలికలు చక్ వైపే ఉన్నాయి. గన్ కొట్టిన ప్రతిసారీ కొంత రజను ఆ చీలికల్లోంచి లోపలికి వెళ్లింది. తునక తీసి, బోర్డు శుభ్రం చేసి, కాలిన ట్రాకు పరీక్షించి, ఫ్యూజు మార్చాను. మోటారు తిరిగింది.

అసలు విషయం క్రాస్ స్లైడ్‌లో ఉంది. గిబ్ (స్లైడ్ వదులును సర్దే సన్నటి పట్టీ) తీసి స్లైడ్ బయటికి లాగితే డవ్‌టెయిల్ (స్లైడ్ జారే ఏటవాలు గాడి) మూలల్లో నల్లటి పేస్టు గట్టిపడి ఉంది. నూనె, రజను కలిసి ముద్దయిన పేస్టు ఏ లేత్‌లోనైనా కొంత ఉంటుంది. ఇక్కడ దాని పరిమాణం కన్నా నన్ను ఆపింది దాని గరుకు. వేళ్ల మధ్య రుద్దితే ఇసుక తగిలినట్టు తగిలింది. అల్యూమినియం, ఇత్తడి రజను అలా తగలదు.

వెంటనే కిరోసిన్ పోసి కడిగేసి ఉంటే ఆ గదిలో అసలు తప్పు ఎక్కడుందో తెలిసేది కాదు. కాబట్టి కొంచెం పేస్టు ఒక చిన్న గిన్నెలోకి తీసి, కిరోసిన్‌లో కరిగించి, నూనె వంచేసి ఆరబెట్టాను. అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో పెట్టి దాని మీద తిప్పితే ఇనుము, స్టీలు కవరుకు అతుక్కుని వచ్చాయి. మిగిలినదాన్ని ఒక పాత గాజు ముక్క మీద వేసి, చెక్క ముక్కతో అదిమి రుద్దాను. గాజు మీద సన్నని గీతలు పడ్డాయి.

అల్యూమినియం గాజును గీయదు, ఇత్తడి గీయదు, మామూలు మైల్డ్ స్టీలు కూడా గీయదు. గాజును గీసేది ఎమిరీ, ఇసుక, లేదా కార్బొరండం (గాజును అరగదీయడానికి వాడే గట్టి గరుకు పొడి). ఎమిరీ సంగతి అడిగితే షాఫ్ట్‌లను లేత్ మీదే ఎమిరీ పేపరుతో పాలిష్ చేస్తానన్నారు, బెడ్ మీద ఏమీ కప్పకుండా. కాస్ట్ ఐరన్ ప్లేట్ల మీది ఇసుక కూడా అనుమానంలో ఉంది. ఆయన టెలిస్కోపు ఐపీస్‌నే తిరగేసి భూతద్దంలా పట్టుకుని చూస్తే, గింజల్లో కొన్ని నల్లగా తళుక్కుమంటున్నాయి. అద్దం ఎక్కడ అరగదీస్తారని అడిగాను. గదిలోనే ఒక మూల డ్రమ్ము చూపించారు. లేత్‌కు నాలుగడుగుల దూరం కూడా లేదు. డ్రమ్ము చుట్టూ నేల మీద ఆరిపోయిన కార్బొరండం బూడిదరంగు పొరలా ఉంది. ఎయిర్ గన్ ఆ నేలను కూడా ఊడుస్తోంది.

ఆయనకు ఇక విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. అద్దం అరగదీసేవాళ్లు 80 నంబరు గ్రిట్ (గరుకు పొడి)తో మొదలుపెట్టి 120, 220 అంటూ సన్నటివాటికి వెళ్తారు. మారిన ప్రతిసారీ చేతులు, గిన్నెలు, బల్ల కడుక్కుంటారు. సన్నటి గ్రిట్ దశలో ఒక్క 80 నంబరు గింజ వచ్చి పడితే అద్దానికి గీత పడి పని మళ్లీ మొదటికి వస్తుంది. ఇంకో సంగతి కూడా ఆయనకు బాగా తెలుసు: పాలిష్ చేసేటప్పుడు సీరియం ఆక్సైడ్ (పాలిష్ పొడి) మెత్తటి పిచ్ (తారులాంటి పదార్థం)లో దిగబడి నిలుస్తుంది, అరిగేది గట్టి గాజు. క్రాస్ స్లైడ్ నట్టులో జరిగిందీ అదే. స్లైడ్‌ను జరిపే స్క్రూ స్టీలు, అది తిరిగే నట్టు మెత్తటి లోహం. గరుకు గింజలు నట్టులో దిగబడి, అక్కడ నిలిచి స్క్రూను అరగదీశాయి. అందుకే స్లైడ్ ఎక్కువగా తిరిగే మధ్యభాగంలో స్క్రూ సన్నబడింది. అరిగిన చోట వదులు ఉండాలి గానీ బిగుసుకుంటోందేమిటని నేనూ ఆగి ఆలోచించాను. కారణం గిబ్: ఆ మధ్యభాగంలోనే దాని వెనక పేస్టు గట్టిపడి, స్లైడ్‌ను పక్కకు నొక్కుతోంది. ప్లే (వదులు) తగ్గించాలని ఆయన గిబ్ స్క్రూలు బిగించుకుంటూ పోయారు. దాంతో పేస్టు ఇంకా అదుముకుంది.

శాడిల్ వైపర్ల కథా అంతే. ఫెల్టు ముక్కల్లో గింజలు ఇరుక్కుని, బెడ్ మీద శాడిల్ కదిలిన ప్రతిసారీ గీస్తున్నాయి. వైపర్ పని ఎదురుగా వచ్చే చిప్‌ను తోసేయడం. వెనక నుంచి 7 బార్ గాలితో తన కిందికి దూరే రజనును ఆపడానికి దాన్ని తయారుచేయలేదు.

ముందు ఆయన చేసి చూసినవి

ఎయిర్ గన్‌కు ముందు ఇంట్లోని వాక్యూమ్ క్లీనర్ వాడారట. రెండు మూడు వాడకాలకే నూనె పట్టిన చిప్స్‌తో బ్యాగు చిరిగింది, పొడవైన స్టీలు చుట్టలు పైపులో అడ్డంపడ్డాయి, ఒకరోజు కాలిన వాసన వచ్చింది. ఆ వాసనతో ఆపేయడం మంచి నిర్ణయం. స్టీలు చిప్ నీలంగా మారి వచ్చిందంటే దాని వేడి దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లిందని అర్థం. దాన్ని దుమ్మూ నూనే నిండిన గుడ్డ బ్యాగులోకి లాగడం అంటే నిప్పును లాగడమే. ఇంట్లో వాడే వాక్యూమ్‌లలో చాలావాటికి, పీల్చిన గాలే మోటారును చల్లబరుస్తుంది కూడా. బ్యాగు దాటి వచ్చిన లోహపు రజను నేరుగా మోటారులోకి పోతుంది.

తర్వాత బనియన్ వేస్ట్‌తో తుడిచారు. ఒకసారి వేలు తెగి కుట్లు పడ్డాయి. గుడ్డతో తుడిస్తే చిప్ గుడ్డలో గుచ్చుకుని, తర్వాతి తుడుపులో అదే బెడ్‌ను గీస్తుంది. చక్ తిరుగుతుండగా గుడ్డ పట్టుకోవడం సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇన్ని ఇబ్బందులు చూశాక ఎయిర్ గన్ ఆయనకు చేతికి దెబ్బ తగలని, వేగమైన మార్గంగా కనిపించింది. ఆ ఎంపికలో అర్థం ఉంది. చాలా ఫ్యాక్టరీల్లోనూ ఇదే అలవాటు. అమెరికా భద్రతా నిబంధనల్లో శుభ్రం చేయడానికి వాడే గాలి 30 పీఎస్‌ఐ లోపు, అంటే 2 బార్ చుట్టూ ఉండాలని, అదీ చిప్స్ ఎగరకుండా అడ్డు పెట్టుకునే వాడాలని ఉంది. ఆ నిబంధన మనిషి ఒంటి కోసం. మెషిన్ స్లైడ్‌లకు ఆ 2 బార్ కూడా మంచిది కాదు.

బాగుచేయడం

క్రాస్ స్లైడ్, కాంపౌండ్ (దాని మీది చిన్న స్లైడ్), శాడిల్ మూడూ విప్పి కిరోసిన్‌లో బ్రష్‌తో కడిగాను. గింజలు దిగబడిన నట్టును ఎంత కడిగినా లాభం లేదు, మార్చేశాం. స్క్రూ అరుగుదల చివరల కన్నా మధ్యలో స్పష్టంగా తెలుస్తోంది గానీ, ఆయన పనికి సర్దుకోవచ్చు. కొత్త స్క్రూ దొరికేదాకా దాన్నే ఉంచాం. ఫెల్టు వైపర్లు పారేసి, రాణీగంజ్‌లో కొన్న కొత్త ఫెల్టు కత్తిరించి, నూనెలో నానబెట్టి బిగించాను.

డవ్‌టెయిల్ మీది గీతలను స్క్రేప్ చేసి తీసేయమన్నారు ఆయన. వద్దన్నాను. గీత అంటే పల్లం. పల్లం స్లైడ్‌ను ఆపదు, కొంచెం నూనె నిలుపుకుంటుంది. ఇబ్బంది పెట్టేది గీత పక్కన లేచిన గట్టు. సన్నటి ఆయిల్ స్టోన్‌తో ఆ గట్లు మాత్రం దించేశాను. చక్ జాలు (ముక్కను పట్టే దవడలు) నంబరు వరసలో విప్పి స్క్రోల్ (వాటిని కదిపే చుట్ట గాడి పళ్లెం) కడిగితే అక్కడా ఇదే పేస్టు. ఆయన స్క్రోల్‌కు గ్రీజు దట్టంగా పెట్టేవారు. గ్రీజు రజనును పట్టేసుకుంటుంది కాబట్టి పల్చటి నూనె చాలన్నాను.

కొత్త పద్ధతి: ఏది కుదరలేదు, ఏది కుదిరింది

నేను పెట్టుకున్న సూత్రం ఒక్కటే: చిప్‌ను ఎప్పుడూ మెషిన్ నుంచి బయటికి లాగాలి, మెషిన్ లోపలికి తోయకూడదు. దీని ప్రకారం కొన్ని ప్రయత్నించాం, అన్నీ కుదరలేదు.

బెడ్ మీద మడతలు పడే రెక్సిన్ బెలోస్ పెట్టి చూశాం. ఇంత చిన్న లేత్‌లో అవి ముడుచుకున్నప్పుడు శాడిల్‌కు దక్కాల్సిన జాగా తినేశాయి. పైగా మడతల్లో చిప్స్ చేరి, శాడిల్ జరిగినప్పుడు బెడ్ మీదే రాలాయి. తీసేశాం. అయస్కాంతపు కర్ర స్టీలుకు, కాస్ట్ ఐరన్‌కు బాగా పనిచేసింది. కవరు తొడిగి వాడి, తర్వాత కవరును లోపలి వైపు బయటికి తిరగేస్తే చిప్స్ అందులోనే ఉండిపోతాయి, అయస్కాంతాన్ని గీకే పని ఉండదు. కానీ ఆయన పనిలో ముప్పాతిక భాగం అల్యూమినియం, ఇత్తడి. వాటికి అది దండగ. పైగా డ్రిల్ బిట్ల పెట్టె పక్కన అయస్కాంతం పెట్టడంతో బిట్లకు అయస్కాంత గుణం పట్టి, చిప్స్ వాటికే అతుక్కున్నాయి. దాన్ని దూరంగా గోడకు తగిలించాల్సి వచ్చింది.

బాగా కుదిరినది చిప్‌ను పుట్టేచోటే మార్చడం. ఆయన స్టీలు షాఫ్ట్‌లను చాలా తక్కువ ఫీడ్‌తో (ఒక్కో తిప్పుకు ఉలి ముందుకు జరిగే దూరం), చాలా తక్కువ లోతుతో తిప్పేవారు, మెషిన్ చిన్నదని జాలిపడి. అలా తిప్పితే చిప్ విరగదు, రిబ్బనులా చుట్టుకుంటూ చక్ చుట్టూ పేరుకుంటుంది. ఇన్సర్ట్ (మార్చుకునే కోత మొన) మీద చిప్‌ను విరవడానికి ఉండే చిప్ బ్రేకర్ గాడి పనిచేయాలంటే చిప్‌కు కొంత మందం ఉండాలి. 0.4 మి.మీ. నోస్ రేడియస్ (మొన గుండ్రం) ఉన్న ఇన్సర్ట్ తీసుకుని, కోత లోతు దానికన్నా ఎక్కువ పెట్టి, ఫీడ్ తిప్పుకు 0.1 మి.మీ. దగ్గరికి తెచ్చాం. చిప్ ముక్కలుగా, 6 అంకె ఆకారంలో విరిగి ట్రేలో పడటం మొదలైంది. మెషిన్ ఆ భారం మోసింది. చేత్తో ఫీడ్ ఇచ్చేటప్పుడు అప్పుడప్పుడు ఒక క్షణం ఆపితే చిప్ తెగిపోతుందని కూడా అలవాటు చేసుకున్నారు. శుభ్రం చేసే పనిలో సగం ఇక్కడే తగ్గింది.

తర్వాత అడ్డుకట్టలు. చక్ వెనక వేడి చిప్స్ తగిలే చోట రేకు పెట్టాం. మిగతా చుట్టూ పాత ఫ్లెక్సీ బ్యానర్ ముక్కలు. నూనె పీల్చదు, చిప్ జారిపోతుంది, పాడైతే ఇంకో ముక్క కోసుకోవచ్చు. నీలం చిప్ తగిలితే మాత్రం చిల్లు పడుతుంది, అందుకే చక్ దగ్గర రేకు. కంట్రోల్ బోర్డు చీలికలను పూర్తిగా మూసేద్దామన్నారు ఆయన. మూస్తే బోర్డు వేడెక్కి పోతుంది. చీలికల ముందు కిందికి తెరుచుకునే రేకు తొడుగు బిగించాను: గాలి కింది నుంచి ఆడుతుంది, ఎదురుగా ఎగిరే చిప్ లోపలికి పోలేదు. బోరింగ్ చేసేటప్పుడు, చక్‌ను తిప్పే స్పిండిల్ రంధ్రంలోంచి చిప్స్ గేర్ల వైపు వెళ్లకుండా ఒక ప్లాస్టిక్ బిరడా. ఎమిరీ పేపరు వాడే రోజు బెడ్ మీద కాగితం పరచాలి, గుడ్డ కాదు. గుడ్డ కొస చక్‌కు చిక్కితే మొత్తాన్నీ లాగేస్తుంది. కాగితమైతే చిరిగి ఊడొస్తుంది.

పని అయ్యాక శుభ్రం చేసే వరస ఇలా కుదిరింది. ప్లగ్ తీయాలి. పొడవైన చుట్టలను పిడికి అడ్డు ఉన్న కొక్కెంతో లాగి డబ్బాలో వేయాలి. పెద్ద పెయింట్ బ్రష్‌తో పై నుంచి కిందికి, శాడిల్ నుంచి దూరంగా ఊడ్చాలి. ట్రేలో పడినదాన్ని వెట్ అండ్ డ్రై వాక్యూమ్‌తో లాగాలి, చిప్స్ చల్లారాక మాత్రమే. వాక్యూమ్‌కు ముందు మూత బిగించిన బకెట్‌తో చేసిన సైక్లోన్ (గాలిని సుడి తిప్పి చిప్స్‌ను వేరుచేసే అమరిక) పెట్టాం. చిప్స్ దాదాపు అన్నీ బకెట్‌లోనే ఆగిపోతాయి, ఫిల్టరు త్వరగా మూసుకోదు. గ్రైండర్ కింద రాలిన దుమ్మును ఈ బకెట్‌లోకి లాగొద్దని గట్టిగా చెప్పాను. సన్నటి అల్యూమినియం పొడి, ఇనప పొడి, నిప్పురవ్వ ఒకచోట చేరడం చాలా ప్రమాదం. చివరికి బెడ్ మీద నూనె వేసి, శాడిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకసారి జరిపి, వైపర్ తోసుకొచ్చిన నల్లటి గీతను తుడిచేయాలి.

ఎయిర్ గన్‌ను మొత్తం మానేయమంటే ఆయన ఒప్పుకోలేదు. ఒకవైపు మూసి ఉండే రంధ్రాల్లో ట్యాప్ కొట్టాక (మర కోశాక) చిప్స్ తీయడానికి ఇంకో మార్గం ఆయనకు కనబడలేదు. సబబే అనిపించింది. భాగాన్ని మెషిన్ నుంచి విప్పి, ఫ్లెక్సీ తెర ఉన్న అట్టపెట్టెలో పెట్టి, ప్రెషర్ తగ్గించి, కళ్లద్దాలు పెట్టుకుని కొట్టాలన్న మాట మీద ఒప్పందం కుదిరింది. అద్దం అరగదీసే డ్రమ్ము డాబా మీది గదికి మారింది. ఆ బట్టలతో కిందికి రాకుండా అక్కడే మార్చుకుంటున్నారు.

ఇంట్లోకి ముళ్లు రాకుండా ఆపడానికి వర్క్‌షాప్‌కు వేరే చెప్పులు, అవి గది గడప దాటవు. గడప దగ్గర మందపాటి కొబ్బరిపీచు పట్ట. గదిని పనమ్మాయి ఊడ్చే చీపురుతో ఊడ్చకూడదు, ఆ చీపురే వంటింట్లోకి వెళ్తుంది. దానికి వేరే బ్రష్. ఈ చిన్న ఏర్పాట్లకే ఇంటావిడ అందరికన్నా ఎక్కువ సంతోషించారు.

తర్వాత

కొన్ని నెలల తర్వాత స్క్రూ మార్చడానికి వెళ్లినప్పుడు క్రాస్ స్లైడ్ మళ్లీ విప్పాం. మూలల్లో నూనెతో కలిసిన రజను కొంచెం ఉంది, వేళ్లకు మెత్తగానే తగిలింది. గాజు పరీక్ష ఈసారి ఆయనే చేశారు. కొత్త గాజు ముక్క మీద రుద్ది, కడిగి, లైటు కింద వంచి వంచి చూశారు. గీత పడలేదు.

ఇత్తడి సూదుల బాధ ఇంకా పూర్తిగా తీరలేదు. ఫ్లెక్సీ తెర దాటి కొన్ని కంప్రెసర్ దాకా వెళ్తున్నాయి, ఇత్తడి పని ఉన్న రోజు చక్ మీదికి పారదర్శకమైన అక్రిలిక్ మూత ఒకటి చేసుకుంటున్నారు. అల్యూమినియం, ఇత్తడి, స్టీలు చిప్స్ మూడు డబ్బాల్లో విడిగా చేరుతున్నాయి. కలిపి అమ్మితే పాత సామాన్లవాడు ఇనుము ధరే కడతాడు. విడిగా ఇస్తే ఇత్తడికి ఇత్తడి ధర వస్తోంది. డబ్బా అడుగున చిల్లులు పెట్టి కింద గిన్నె ఉంచడంతో కారిన కటింగ్ ఆయిల్‌లో కొంత తిరిగి చేతికొస్తోంది. దాన్ని సన్నటి గుడ్డలో వడగట్టే వాడమన్నాను, అదీ డ్రిల్లింగ్‌కు మాత్రమే. స్లైడ్‌లకు మాత్రం కొత్త 68 గ్రేడు స్లైడ్‌వే ఆయిలే పోస్తున్నారు.